కొలవక ముందు

పోయిన నెలలో ఒక సినిమా కంపెనీ నుంచి ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. కథా విభాగంలో పనిచేస్తుందట. కాఫీ తాగి, ల్యాప్‌టాప్ తెరిచి, చాలా మర్యాదగా సంగతి చెప్పింది. వాళ్ల సినిమాలో కథానాయకుడు ఒకే సమయంలో రెండు ఊళ్లలో ఉంటాడు. ప్రేక్షకులకి అనుమానం రాకుండా ఒక సైంటిస్టు పాత్ర చేత రెండు డైలాగులు చెప్పించాలి. "క్వాంటం అంటే సరిపోతుందంటారా మేడమ్?" అని అడిగింది. సరిపోదన్నాను. "అదేంటండీ, మనం చూడనంతవరకూ ఏదీ నిజంగా ఉండదని సైన్సే తేల్చేసింది కదా! వీడియోలో చూశాను" అంది. నాకు నవ్వాగలేదు. ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమోనని వెంటనే కారణం చెప్పాను. అచ్చంగా ఆ మాటే, అంతే ధీమాగా, ఇరవై నాలుగేళ్ల వయసులో నేను ఒక పెద్దాయన ముందు అన్నాను. ఆయన దాన్ని పది రోజుల పాటు తిరగేసి చూసి, తప్పని తేల్చి, తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆయన పేరు నర్సయ్య సార్. నేను భౌతిక శాస్త్రం పాఠం చెప్పుకుని బతికానంటే, అందులో సగం ఆయన పెట్టిన భిక్ష.

మేం మద్రాసు నుంచి వచ్చేసరికి ఫిల్మ్ నగర్‌లో ఇళ్ల కంటే బండరాళ్లే ఎక్కువ. సినిమావాళ్లు ఒక్కొక్క కుటుంబంగా హైదరాబాదు తరలివస్తున్న కాలం అది. మా నాన్న ఫిల్మ్ ఎడిటరు. పెద్ద పేరున్నవాడు కాదు గానీ, పని తెలిసినవాడని అందరూ అనేవారు. మా ఇంటికి ఆటోవాళ్లు రామనేవారు. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర దింపేసి, "ఆ ఎత్తు ఎక్కదమ్మా మా బండి" అని వెళ్లిపోయేవారు. మంచినీళ్లు ట్యాంకరులో వచ్చేవి. ట్యాంకరు హారన్ వినబడగానే అమ్మ చేతిలో ఉన్న పని వదిలేసి బిందెలతో పరిగెత్తేది. మా నాయనమ్మది గుడివాడ పక్క పల్లెటూరు. కాలవ నీళ్లలో పుట్టి పెరిగిన మనిషి. "రాళ్ల మీద కాపురమేంట్రా, కాకులు కూడా ఆలోచించుకుని వాలుతున్నాయి" అని మా నాన్నని సాధించేది. అంత సాధించీ, ఎండాకాలం వచ్చేసరికి ఆ బండలే ఆవిడకి ప్రాణమైపోయాయి. అంత విశాలంగా, అంత వేడిగా, దుమ్ము లేకుండా వడియాలు పెట్టుకునే చోటు గుడివాడలో ఎక్కడుంది? పక్క బండ మీద ఏదో పాట షూటింగు జరుగుతుంటే, ఈ బండ మీద మా నాయనమ్మ గుమ్మడి వడియాలకి కాపలా కూర్చునేది. డాన్సు మాస్టరు గట్టిగా లెక్క పెడుతుంటే ఆ లెక్కకే వడియాలు పెట్టేది.

నాన్న సాయంత్రం ఇంటికొస్తే ముందుగా వాసన వచ్చేది. ఫిల్ము ముక్కలు అతికించే జిగురు వాసన, గోళ్ల రంగు వాసనలా ముక్కుకి చురుక్కుమంటుంది. పిండేసిన నిమ్మచెక్కతో వేళ్లన్నీ రుద్దుకుని గానీ అన్నానికి కూర్చునేవాడు కాదు. అయినా ముద్ద కలిపి నా నోట్లో పెడితే పప్పులో నిమ్మ, నిమ్మ వెనక జిగురు తెలిసేవి. తక్కువ మాట్లాడేవాడు. మాట్లాడితే ఎడిటింగు టేబుల్ మీద మాట్లాడినట్టే ఉండేది, అక్కర్లేనిది ఉండేది కాదు.

నేను ఇంటర్మీడియట్‌లో చేరినప్పుడు ఫిజిక్సుకి ట్యూషను పెట్టించమన్నాను. నాన్న స్టూడియోలో పనిచేసే ఎవరో నర్సయ్య సార్ పేరు చెప్పారు. సర్కారు జూనియర్ కాలేజీలో లెక్చరరు, రహమత్ నగర్‌లో ఉంటారు, పాఠం చెబితే రాయికైనా అర్థమవుతుంది అన్నారు. మొదటి రోజు ఆయన యూసుఫ్‌గూడ మీదుగా సైకిలు తొక్కుతూ వచ్చి, చెక్‌పోస్టు దగ్గర నుంచి ఎత్తు మీదికి దాన్ని తోసుకుంటూ వచ్చారు. చెమటతో తడిసిన తెల్ల చొక్కా, జేబులో కళ్లజోడు డబ్బా. ఆ డబ్బాలో కళ్లజోడు ఉండేది కాదు, సుద్దముక్కలుండేవి. మా ఇంట్లో బోర్డు లేదని అమ్మ నొచ్చుకుంటుంటే, ఆయన కింద చూశారు. హాలంతా నల్లటి కడప బండలు. "ఇంత పెద్ద బోర్డు మా కాలేజీల గూడ లేదమ్మా" అని అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. రెండేళ్ల పాటు న్యూటను, విద్యుత్తు, కాంతి అన్నీ నేను నేల మీదే నేర్చుకున్నాను. పాఠం అయ్యాక కూడా నాయనమ్మ వాటిని వెంటనే తుడవనిచ్చేది కాదు. ముగ్గు చుట్టూ తిరిగినట్టు సమీకరణాల చుట్టూ తిరిగి వెళ్లేది. "మేష్టారు గుమ్మం దాటాక తుడవండే, అది చదువు" అనేది.

నాయనమ్మ ఆయన్ని "మేష్టారు గారూ" అంటే సార్‌కి భలే నవ్వు. ఆయనది మెదక్ వైపు పల్లె. తండ్రి బావులు తవ్వేవాడట. కరువు రోజుల్లో ఊరూరా తిరిగి, నేల మీద చెయ్యి పెట్టి, ఇక్కడ తవ్వండి అని చెప్పేవాడట. సార్ ఈ సంగతి ఒకటికి పదిసార్లు చెప్పేవారు. అదెందుకో నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు.

ఎమ్మెస్సీకి యూనివర్సిటీలో చేరాక నాకు క్వాంటం సిద్ధాంతం ఎదురైంది. మొదటి నెలలోనే ఒక అనుమానం పట్టుకుంది. ఎలక్ట్రాను ఎక్కడ దొరకవచ్చు అన్నదానికి ఆ సిద్ధాంతం అవకాశాలు చెబుతుంది. ఇక్కడ దొరికే అవకాశం ఇంత, అక్కడ దొరికే అవకాశం ఇంత. కొలిచి చూస్తే ఒక్కచోటే దొరుకుతుంది. అవకాశాల లెక్క ఎప్పుడూ తప్పు కాదు. సరే, మరి కొలవక ముందు అది ఎక్కడుంది? క్లాసులో లేచి అడిగాను. "ఆ ప్రశ్న పరీక్షలో రాదు, కూర్చో" అన్నారు మా లెక్చరరు. క్లాసంతా గొల్లున నవ్వింది. నేను కూర్చోలేదు. "పరీక్షలో రాదు సరేనండీ, జవాబు ఉందా లేదా?" అన్నాను. ఆ ఏడాది ఆయన పేపర్లో నాకు మార్కులు బాగా వచ్చాయి, జవాబు మాత్రం రాలేదు.

ఆ ఆదివారం సార్ ఇంటికి వెళ్లి ఇదే అడిగాను. అప్పటికి ఆయన రిటైరయ్యారు. రహమత్ నగర్‌లో ఇరుకు సందు, రెండు గదులు, పైన చిన్న డాబా. సార్ భార్య అంజమ్మ గారు డాబా మీద మిరపకాయలు ఎండబోస్తూ ఉన్నారు. సార్ నా ప్రశ్న విన్నారు. "ఏడున్నదా? ఉన్నకాడ్నే ఉన్నది బిడ్డా. మనకు కనవడ్తలేదు, గంతే. తవ్వక ముందు నీళ్లు లెవ్వంటే మా నాయిన ఊకుంటడా?" అన్నారు. ఇంకా ఏదో అనబోయి ఆగిపోయారు.

ఆ ఆగిపోయిన మాట ఏమిటో నేను పీహెచ్‌డీలో చేరిన రెండో ఏడాది తెలిసింది. ఒక ఉదయం సార్ మా ఇంటికి వచ్చారు. సంచిలోంచి మూడు లావుపాటి నోటుపుస్తకాలు తీసి నా ముందు పెట్టారు. క్యాలెండరు కాగితంతో అట్టలు వేసి ఉన్నాయి. మొదటి దాని మీద గుండ్రటి అక్షరాలతో 'కనబడనిది ఉన్నది' అని రాసి ఉంది. "ఇరవై ఏండ్లు పట్టింది. నీకు తప్ప ఇంకెవ్వలికి చూపియ్యలే. చదువు. తప్పులుంటే చెప్పు" అన్నారు. వచ్చే నెల పాత లెక్చరర్ల సంఘం వాళ్లు యూసుఫ్‌గూడలో ఒక హాల్లో సభ పెట్టి, ఆయన చేత దీని మీదే ఉపన్యాసం ఇప్పిస్తున్నారట. పాత శిష్యులందరూ వస్తారట. కార్డు కూడా అచ్చయింది. నాకొకటి ఇచ్చారు.

మూడు రాత్రులూ మూడు పగళ్లూ చదివాను. అంత శుభ్రమైన తెలుగులో భౌతిక శాస్త్రం అంతకు ముందు చదవలేదు, ఆ తర్వాతా చదవలేదు. ఆయన వాదం ఇది. ఒకే చోట జంటగా పుట్టిన రెండు కణాలు చెరో దిక్కుకీ దూరంగా వెళ్లిపోతాయి. ఈ చివర ఒక దాన్నీ ఆ చివర ఒక దాన్నీ ఒకే కొలత కొలిస్తే, రెండూ ఎప్పుడూ కలిసే జవాబే చెబుతాయి. ఒక్కసారి కూడా తప్పవు. అంత దూరంలో ఒకదానికొకటి కబురు పెట్టుకునే వీలు లేదు. అంటే, బయలుదేరేటప్పుడే జవాబులు రెంటి దగ్గరా రాసిపెట్టి ఉన్నాయన్నమాట. క్వాంటం సిద్ధాంతంలో ఆ రాత కనబడదు. కాబట్టి ఆ సిద్ధాంతం తప్పు కాదు గానీ, సగమే. మిగతా సగం ఎలా ఉండవచ్చో మూడో పుస్తకం నిండా ఆయన లెక్కలు కట్టారు.

ఎవరికైనా సబబుగా తోచే వాదం. ప్రపంచంలో మహామహులు కూడా అలాగే అనుకున్నారు. సార్ ఎవరి సాయమూ లేకుండా, పరీక్షల గైడ్లు, ఒకటి రెండు పాత క్వాంటం పుస్తకాలు తప్ప మరేమీ లేని కాలేజీ లైబ్రరీలో కూర్చుని సొంతంగా అక్కడికి చేరారు. కానీ నాకు యూనివర్సిటీ లైబ్రరీ ఉంది. అందులో పాత పత్రికల మధ్య నేను అప్పటికే వెతికి పట్టుకున్న, ఒక విదేశీ శాస్త్రవేత్త రాసిన కొద్ది పేజీల వ్యాసం ఉంది. అలా ముందే రాసిపెట్టుకున్న జవాబులతో క్వాంటం సిద్ధాంతం చెప్పే ఫలితాలు రానే రావని ఆయన నిరూపించాడు. తర్వాత ప్రయోగాలూ చేశారు. ప్రకృతి క్వాంటం సిద్ధాంతం పక్షానే నిలిచింది. సార్ మూడో పుస్తకంలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కట్టింది, కట్టడానికి వీల్లేని ఇల్లు. అది ఆయన తెలివి తక్కువై కాదు, ఆయనకి దొరికిన పుస్తకాలు తక్కువై.

వారం రోజులు తప్పించుకు తిరిగాను. "చదువుతున్నాను సార్" అని కబురంపాను. అన్నం సరిగ్గా తినడం లేదని నాయనమ్మ కనిపెట్టి నాన్నకి చెప్పింది. నాన్న అడిగితే అంతా చెప్పేశాను. నాన్న వేళ్లకి నిమ్మచెక్క రుద్దుకుంటూ విన్నాడు.

"డైరెక్టరు ఆరు నెలలు కష్టపడి తీసిన సీను సినిమాలోంచి తీసెయ్యాలని చెప్పడం నా ఉద్యోగమమ్మా. ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. ఒకటి తెలుసుకున్నాను. మెత్తగా చెప్పకూడదు. మెత్తగా చెబితే ఆ మనిషి తట్టుకోలేడని మనం అనుకున్నట్టు. సూటిగా చెప్పు. ఎందుకు తియ్యాలో ముక్క ముక్కా చూపించు. కోపం వస్తే రానీ."

"సార్‌కి కోపం రాదు నాన్నా. అదే భయం."

"అయితే ఇంకా సూటిగా చెప్పు" అన్నాడు నాన్న.

మర్నాడు రహమత్ నగర్ వెళ్లాను. సార్ డాబా మీద చాప పరిచి కూర్చుని ఉన్నారు. ఉపన్యాసానికి కాగితాలు రాసుకుంటున్నారు. అంజమ్మ గారు చాయ్ తెచ్చి, వెళ్లకుండా అక్కడే కూర్చున్నారు. నేను చాయ్ ముట్టకుండానే మొదలుపెట్టాను.

"సార్, మీ వాదం ఒక చోట నిలబడదు. చూపిస్తాను. మీరూ అమ్మా జంటగా పుట్టిన కణాలనుకోండి. ఇద్దర్నీ చెరో గదిలో కూర్చోబెట్టి ప్రశ్న అడుగుతారు. ప్రశ్నలు మూడే. జవాబు అవును, కాదు, అంతే. ఎవరిని ఏ ప్రశ్న అడుగుతారో ముందు తెలీదు. ఇద్దర్నీ ఒకే ప్రశ్న అడిగితే మాత్రం ఒకే జవాబు రావాలి, ఎప్పుడూ. ఎలా చేస్తారు?"

"చేసేదేమున్నది? మూడిటికి జవాబులు ముందుగాలనే అనుకుంటం. ఇద్దరం చెరొక చీటీ రాసి జేబుల పెట్టుకుంటం" అన్నారు సార్. అదే ఆయన పుస్తకం.

"సరే సార్. ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న, అమ్మని వేరే ప్రశ్న అడిగారు. మీ జవాబులు ఎన్నిసార్లు కలుస్తాయి?"

సార్ కాగితం అందుకున్నారు. ఆయన ఇంకా కలం మూత తియ్యకముందే అంజమ్మ గారు అన్నారు. "ప్రశ్నలు మూడాయె. జవాబులు రెండేనాయె. మూడిట్ల రెండన్న ఒక్కతీరుగ ఉండాలె కద. మూడుసార్లల్ల ఒక్కసారన్న కలవాలె."

ఆవిడ బడికి వెళ్లలేదు. నేను ఎమ్మెస్సీ చదివి, ఆ వ్యాసం రెండు రోజులు పట్టుకుని కూర్చుని గ్రహించిన సంగతి, మిరపకాయల తొడిమలు తీస్తూ చెప్పేశారు. సార్ ఆవిడ వైపు చూసి, కాగితం మీద మొత్తం ఎనిమిది రకాల చీటీలు రాశారు. మూడు జవాబులూ ఒకటే అయితే ఎప్పుడూ కలుస్తాయి. రెండు ఒకటై ఒకటి వేరైతే మూడింట ఒకసారి కలుస్తాయి. అంతకు తగ్గే చీటీ లేదు.

"మూడింట ఒక్కటి. అంతకు తక్కువ కాదు" అన్నారు.

"క్వాంటం సిద్ధాంతం నాలుగింట ఒకటి అంటోంది సార్. మీ పుస్తకంలోనే ఉంది ఆ సూత్రం, రెండో దాంట్లో. మూడు ప్రశ్నలంటే కొలిచే దిక్కులు మూడు, వాటి మధ్య కోణాలు సమానంగా తీసుకుని చూడండి. ప్రయోగాలు చేశారు. ప్రకృతి చీటీల మాట వినలేదు. చీటీలు లేవు సార్."

సార్ రెండో నోటుపుస్తకం తిప్పారు. సూత్రం దగ్గర ఆగి, కోణాలు వేసి, లెక్క కట్టారు. నాలుగింట ఒకటి వచ్చింది. మళ్లీ కట్టారు. వీధిలో కూరగాయల బండివాడి అరుపు వినబడుతూంది. నేను ఆగలేకపోయాను. వయసు అలాంటిది. నా గెలుపుని ఇంకొంచెం ముందుకు తోశాను. "అంటే కొలవక ముందు ఏమీ లేనట్టే సార్. కొలిస్తేనే వస్తుంది. అది రుజువైపోయింది. నా థీసిస్‌లో కూడా అలాగే రాశాను" అన్నాను.

సార్ తల ఎత్తలేదు. "చాయ్ సల్లగైంది బిడ్డా, తాగు" అన్నారు.

పది రోజులు ఆయన దగ్గర నుంచి ఏ కబురూ లేదు. సభ ఆగిపోతుందనుకున్నాను. ఇరవై ఏళ్ల పనిని ఒక్క పూటలో కూల్చి వచ్చినందుకు నాకు నిద్ర పట్టేది కాదు. ఆ దిగులు మధ్యలోనే, నేను చెప్పింది నిజమన్న గర్వం కూడా ఉండేది. దాచుకోవడం ఎందుకు, ఉండేది. సభ ఇంకా రెండు రోజులుందనగా ఉదయం పూట గేటు చప్పుడైంది. సార్ సైకిలు తోసుకుంటూ వస్తున్నారు. మొహం వాడి ఉంది గానీ కళ్లు మాత్రం పాఠం చెప్పే రోజుల్లో ఉన్నట్టే ఉన్నాయి. నాయనమ్మ ఇచ్చిన మజ్జిగ నిలబడే తాగి, నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"నువ్వు చెప్పింది నిజం. నా లెక్క పోయింది. నాలుగు దినాలు తిండి తినబుద్ధి కాలే. మా అంజమ్మ మీద గూడ కోపమొచ్చింది. ఇగ గది అయిపోయింది. గిప్పుడు నీ లెక్క చూద్దాం."

"నా లెక్కా సార్?"

"ఆ దినం లాస్టుకు ఓ మాట అన్నవ్. కొలవక ముందు ఏం లేదు, రుజువైపోయింది అన్నవ్. గా రుజువు ఏడున్నది? జర చూపియ్యి."

మాట్లాడుతూనే జేబులోంచి డబ్బా తీసి, సుద్దముక్కతో కడప బండ మీద రెండు గదులు గీశారు. మధ్యలో గోడలా ఒక గీత. "ఈ గదిల నన్ను ఏం అడిగిన్రో ఆ గదిల అంజమ్మకు తెల్వదు అని నువ్వు ముందుగాలనే అనుకున్నవ్. నేను గూడ అనుకున్న. ఇద్దరం అనుకున్నం. అది అనుకున్నదే, రుజువు కాదు. ఒకవేళ ఈడ అడిగింది ఆడికి ఎట్లనో తాకుతదనుకో. అప్పుడు చీటీలు ఉండొచ్చు, అడిగినంక మారొచ్చు. నీ లెక్క ఏం జెప్తది? చీటీలన్న లెవ్వు, లేకుంటే ఈ గోడన్న లేదు. రెండిట్ల ఏదో ఒకటి పోవాలె. ఏది పోయిందో నీ లెక్క చెప్తలేదు. నువ్వు చెప్తున్నవ్. లెక్క చెప్పంది నువ్వెందుకు చెప్తున్నవ్ బిడ్డా?"

ఆయన గీసిన ఆ గీత వైపే చూస్తూ ఉండిపోయాను. నేను చదివిన వ్యాసంలో ఆ షరతు మొదటి పేజీలోనే ఉంది. చదివాను, దాటేశాను. నాకు కావలసిన జవాబు దొరికిందన్న తొందరలో దాన్ని మర్చిపోయాను. ఇరవై ఏళ్లు సార్ తన నమ్మకాన్ని రుజువనుకున్నారు. రెండేళ్లుగా నేనూ అదే పని చేశాను. తేడా ఏమిటంటే, ఆయన తనది పోయిందని తెలిసిన పది రోజుల్లో కోలుకుని నాది సరిచెయ్యడానికి ఎత్తెక్కి వచ్చారు. ఆ సాయంత్రమే థీసిస్ ప్రతిలో ఆ వాక్యం కొట్టేశాను. ఏం తేలిందో, ఏం తేలలేదో రెండు వాక్యాలు రాశాను. తర్వాత వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు సరిగ్గా అక్కడే వేలు పెట్టి, "అంటే వాస్తవమనేది లేదంటారా?" అని నవ్వుతూ అడిగాడు. "అంత చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదండీ. ఇక్కడిదాకా తెలుసు, ఇక్కడి నుంచి ఎవరికీ తెలీదు" అని పేజీ తీసి చూపించాను.

ఇప్పుడు ఆ చెక్‌పోస్టు దగ్గర రోడ్డు దాటాలంటే ధైర్యం కావాలి. మా నాయనమ్మ వడియాలు పెట్టిన బండని పగలగొట్టి దాని మీద ఏడంతస్తులు లేపారు. జూబ్లీ హిల్స్‌లో ఒక బోర్డు మీద క్వాంటం వైద్యమని చూశాను, ఇంకో దాని మీద క్వాంటం పాఠశాల అని చూశాను. మా రోజుల్లో ఆ మాట పలికినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కావలసిన వ్యాసం కోసం నేను లైబ్రరీలో రెండు నెలలు వెతికాను. ఇప్పుడు నా విద్యార్థులకి అది రెండు నిమిషాల పని. నర్సయ్య సార్‌కి ఆ రెండు నిమిషాలు దొరికి ఉంటే ఏమయ్యేవారో అని ఆలోచిస్తుంటాను. కొలవక ముందు ఏముందన్న ప్రశ్న మాత్రం అప్పుడెక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. అరడజను వివరణలున్నాయి, ప్రతి దానికీ గట్టి మనుషులు అండగా ఉన్నారు, లెక్క అందరికీ ఒకటే వస్తుంది. దీనికి నేను సిగ్గుపడను. ఇంతకంటే గట్టిగా పరీక్షకి నిలబడిన సిద్ధాంతం మనిషి దగ్గర లేదు. దాని హద్దు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగడం కూడా ఆ గట్టిదనంలో భాగమేనని నా నమ్మకం.

అప్పుడు నేను భయపడినట్టు సభ ఆగలేదు. యూసుఫ్‌గూడ హాలు నిండిపోయింది. నాన్న ఎడిటింగు మానుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నాయనమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. కార్డు మీద ఉన్న పేరే బ్యానరు మీదా ఉంది, 'కనబడనిది ఉన్నది' అని. సార్ మొదటి గంట తన మూడు పుస్తకాల సారాంశం చెప్పారు. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా ముందుగా లొంగలేదు. తండ్రి తవ్విన బావుల గురించి చెబుతుంటే వెనక వరసల్లో కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారు. తప్పని తెలిసిన నాక్కూడా, ఆయన చెబుతుంటే నిజమేననిపించింది. హాలంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగేదాకా ఆగి, సార్ ఒక గ్లాసు నీళ్లు తాగి, "ఇగ వినుండ్రి. గిదంత ఎందుకు తప్పో చెప్త" అన్నారు.

హాల్లో ఒక్కసారి గుసగుస లేచి, ఆ వెంటనే అణిగిపోయింది. మూడు ప్రశ్నలు, రెండు జవాబులు, చీటీలు, అన్నీ వరసగా వచ్చాయి. నా పేరు చెప్పి లేచి నిలబడమన్నారు. అంజమ్మ గారి పేరు చెబితే ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. చివర్లో ఆయనతో పాటు ముప్పై ఏళ్లు పనిచేసిన ఒక లెక్చరరు లేచి, కొంచెం కష్టంగానే అడిగారు. "ఇంతకూ నిజమేంది నర్సయ్యా? నీళ్లు ఉన్నయా, లెవ్వా?"

"నీళ్లు ఉన్నయ్. నీళ్ల సంగతి మా నాయినకు తెలుసు. ఎలక్ట్రాను సంగతి తెల్వదు. నాకు తెల్వదు, ఆ బిడ్డకు తెల్వదు, ఆ లెక్క కనిపెట్టినోళ్లకు గూడ తెల్వదు" అన్నారు సార్. ఫలితాలు వచ్చిన రోజు మొదటి ర్యాంకు పిల్లాడి పేరు చదివినంత హుషారుగా అన్నారు ఆ మాట. ఆ తర్వాత నేను చాలా దేశాల్లో చాలా సభలకి వెళ్లాను. తెలియదన్న మాటని అంత నిటారుగా నిలబడి చెప్పిన మనిషిని మరొకర్ని చూడలేదు.

హాలు ఖాళీ అయ్యాక సార్‌నీ అంజమ్మ గారినీ ఇంటిదాకా దిగబెట్టడానికి వాళ్లతో నడిచాను. సార్ సైకిలు తోస్తున్నారు. వెనక క్యారియరు మీద పూలదండ, శాలువా. సందు మొదట్లోకి వచ్చాం. అప్పుడు అంజమ్మ గారు అన్నారు.

"మంచిగ చెప్పినవ్. అయినా, మొదాల చెప్పినదానికంటె ఎనక చెప్పిందే మంచిగున్నది."

సార్ సైకిలు ఆపి, నా వైపు తిరిగి, "విన్నవా? ఇరవై ఏండ్లు మొదటిది విన్నది. ఒక్క దినం గూడ మంచిగున్నదనలే" అని పెద్దగా నవ్వారు.